సైకిలు మీటరు మూగవోయినపుడు

సముద్రపుటొడ్డున కాపురముండు మనకు సైకిలు క్రొత్త వస్తువు కాదు. నెల్లూరినుండి మైపాడునకు పోవు బాటలో గాని, ఇసకపల్లి ఉప్పుమళ్ల గట్లపై గాని, కృష్ణపట్నము దారిలో గాని, ప్రొద్దు పొడువకమునుపే సైకిలెక్కి తమ పనికి సాగిపోవు పెద్దలు నేటికిని కలరు. పనికై కాకపోయినను, మోకాళ్లు పట్టుకొనకుండుటకును, రక్తములో చక్కెర అదుపులో నుండుటకును దినమునకింత దూరము త్రొక్కుడని వైద్యుడు చెప్పగా త్రొక్కువారును కలరు. ఇట్టివారికి పట్టణములో ఉద్యోగము చేయు కుమారుడో, విదేశమునందున్న మనుమడో ప్రేమతో పంపు కానుకలలో ఒకటి తంతి లేని సైకిలు మీటరు. అగ్గిపెట్టెయంత పలక. హ్యాండిలునకు బిగించినచో ఎంత వేగమున పోవుచున్నామో, ఎంత దూరము పోయితిమో అంకెలలో చూపును.

వచ్చిన క్రొత్తలో ఇది చక్కగా పనిచేయును. కొన్ని నెలలు గడచిన పిదప ఒకనాడు బండి పరుగెత్తుచుండగనే అంకె సున్నయగును. కొంత దూరము పోగా మరల వచ్చును. మఱునాడు మరల మాయమగును. అప్పుడు మనము చేయునది సాధారణముగా రెండు పనులలో ఒకటి. పలకను రెండు తట్లు తట్టి చూచి, 'ఇది మన దేశపు ఎండకు, ఉప్పుగాలికి ఆగు వస్తువు కాదు' అని అటకమీద పెట్టుట యొకటి. వచ్చిన అంకెనే సత్యమని నమ్మి కాలము గడుపుట రెండవది. ఈ రెండవది మొదటిదానికంటె చెడ్డది. మాయమైన అంకె తాను లేనని తెలుపును. తప్పు అంకె ఉన్నట్లే నటించును. పది కిలోమీటర్లు త్రొక్కిన వృద్ధునకు ఆఱు కిలోమీటర్లే త్రొక్కితివని మీటరు చెప్పినచో, ఆయన తక్కిన నాలుగును పూర్తిచేయవలెనని ఎండలో గుండెను శ్రమపెట్టును. కావున ఈ చిన్న పనిముట్టు మాట తప్పినపుడు కారణము విచారించుట తెలిసియుండుట మేలు.

విచారించుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. ఒక ఊరినుండి మఱొక ఊరికి మనిషిచేత కబురంపితిమనుకొనుడు. కబురు చేరలేదు. అందుకు మూడే కారణములు. కబురు చెప్పవలసినవాడు చెప్పకపోయి యుండవలెను; లేక దారిలో అడ్డంకి వచ్చియుండవలెను; లేక వినవలసినవాడు వినకపోయి యుండవలెను. మాట చెప్పువాని యొద్ద తెగినదా, దారిలో తెగినదా, వినువాని యొద్ద తెగినదా అని మొదట తేల్చుకొని, పిమ్మట చేయి పెట్టవలెను. నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

ముందుగా యంత్రపు కట్టుబడి తెలిసికొందము. ఇందు మూడంగములు కలవు. ముందు చక్రపు స్పోకునకు బిగించు చిన్న అయస్కాంతము మొదటిది. ముందు ఫోర్కునకు కట్టు డబ్బి రెండవది, దీనిని సెన్సారందురు. హ్యాండిలుపైనుండు అంకెల పలక మూడవది. సెన్సారులో సన్నని గాజుగొట్టమును, ఆ గొట్టములో ఒకదానినొకటి తాకీ తాకని రెండు పలుచని లోహపు రేకులును ఉండును. చక్రము తిరిగి అయస్కాంతము ఎదుటికి రాగానే రేకులు అంటుకొనును, దాటిపోగానే విడిపోవును. దీనికి రీడు స్విచ్చి యని పేరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఎల్‌వుడ్ అను ఇంజనీరు 1936లో దీనిని కనిపెట్టెను. రేకులు అంటుకొన్న ప్రతిమాఱును సెన్సారు 'ఒక చుట్టు తిరిగినది' అని తంతి లేకుండ ఒక సంకేతమును పంపును. పలక ఆ సంకేతములను లెక్కపెట్టును. అంతే. దానికి దారి తెలియదు, బండి తెలియదు. చుట్లు మాత్రమే తెలియును.

మన పెద్ద సైకిలు చక్రము 28 అంగుళములది. అది ఒక చుట్టు తిరిగినచో బండి సుమారు 2 మీటర్ల 22 సెంటీమీటర్లు ముందునకు పోవును. పది కిలోమీటర్లు పోవుటకు చక్రము సుమారు 4,500 చుట్లు తిరుగవలెను. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవునపుడు సెకనునకు రెండు చుట్లకు కొంచెము తక్కువ తిరుగును. ఇందులో చుట్టు విడిచి చుట్టు సంకేతము పోయినచో మీటరు 15కు బదులు ఏడున్నర చూపును. పది కిలోమీటర్లకు బదులు ఐదు చూపును. అంకె కనబడుచునే యుండును గనుక మనకు అనుమానము రాదు. తప్పు అంకె యెట్లు పుట్టునో ఇప్పుడు తేటపడినది గదా.

ఇక సంకేతమును పంపు విధమునుబట్టి ఈ మీటర్లు రెండు జాతులు. తక్కువ వెలది, పాతరకము, వడిగా కంపించు అయస్కాంత క్షేత్రముతో మాటాడును. దీని బలము దూరము పెరిగినకొలది మిక్కిలి వడిగా తగ్గిపోవును; దూరము రెట్టింపైనచో బలము ఎనిమిదవ వంతగును. అందుచేత దీని మాట 60, 70 సెంటీమీటర్లు దాటి వినబడుట కష్టము. క్రొత్తరకము సెకనునకు 240 కోట్ల మాఱులు కంపించు రేడియో తరంగములతో మాటాడును. సెల్‌ఫోను, ఇంటిలోని వైఫై పెట్టె మాటాడుకొను తరంగముల జాతియే ఇది. దీని తరంగము పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఇది కొన్ని మీటర్ల దూరము పోగలదు. పైగా తన పేరు చెప్పి మాటాడును గనుక ఒకరి మాట మఱొకరిదిగా పొరబడుట ఉండదు. క్రొత్తరకపు సెన్సార్లలో కొన్నిటికి అయస్కాంతము కూడ అక్కఱలేదు. హబ్బునకు కట్టిన డబ్బియే తాను తిరుగుటను తానే తెలిసికొనును. మన చేతిలోనున్నది ఏ జాతిదో దానితో వచ్చిన కాగితము చూచి తెలిసికొనవలెను. ఒకదాని వైద్యము మఱొకదానికి పనికిరాదు.

ఇపుడు పరీక్ష. ఇంటి వాకిట సైకిలును తలక్రిందులుగా నిలిపి, అంకెల పలకను హ్యాండిలునుండి ఊడదీసి, సెన్సారునకు జానెడు దూరమున చేతితో పట్టుకొని, ముందు చక్రమును త్రిప్పుడు. అంకె నిలకడగా వచ్చినచో చెప్పువాడును బాగున్నాడు, వినువాడును బాగున్నాడు. తప్పు దారిలో నున్నది. అపుడు పలకను కొంచెము కొంచెముగా హ్యాండిలువైపు జరుపుచు, ఎచ్చట అంకె తెగునో గుర్తుపెట్టుకొనుడు. జానెడు దూరమునను అంకె రాకున్నచో తప్పు సెన్సారునందో పలకయందో ఉన్నది. అపుడు అయస్కాంతమును స్పోకునుండి తీసి, చేతితో సెన్సారు గీత యెదుట ముందుకు వెనుకకు ఆడింపుడు. అంకె వచ్చినచో సెన్సారు మంచిదే. అయస్కాంతము అమర్చిన చోటు తప్పు. అప్పటికిని రాకున్నచో సెన్సారు బ్యాటరీ మార్చి చూడుడు. పిదప పలక బ్యాటరీ. ఈ పరీక్షకు పట్టు కాలము పావుగంట. ఇందు ముఖ్యమైన నియమమొకటి కలదు: ఒక మాఱు ఒక్కదానినే మార్చవలెను. అయస్కాంతమును జరిపి, బ్యాటరీని మార్చి, పలకను వంచి, మూడును ఒక్కసారి చేసినచో బాగుపడినను ఏది కారణమో తెలియదు; మరల చెడినపుడు మొదటినుండి వెదకుకొనవలెను.

చెప్పువాని తప్పులు చూతము. అయస్కాంతమునకు, సెన్సారునకు నడుమ నుండవలసిన సందు మిక్కిలి తక్కువ. అనేక మీటర్లకు 5 మిల్లీమీటర్లు దాటరాదు. రెండు రూపాయి బిళ్లలను పేర్చి ఆ సందున దూర్చినచో సరిపోవునట్లు అమర్చుట మేలు. ఇసుక బాటలో, గతుకులలో బండి కుదుపులకు అయస్కాంతము స్పోకుపై జాఱును, లేక ప్రక్కకు తిరుగును. సెన్సారును కట్టిన ప్లాస్టికు పట్టీ ఎండకు పెళుసై వదులగును. నిదానముగా పోవునపుడు మీటరు పనిచేసి, వడిగా పోవునపుడు మాత్రము సంకేతము తెగుచున్నచో అయస్కాంతము ఎదుట నిలుచు కాలము చాలుట లేదని భావింపవచ్చును. సందు తగ్గించి చూడవలెను. ఇందుకు విరుద్ధముగా, కాలినడకవలె మిక్కిలి మెల్లగా పోవునపుడు మాత్రము అంకె సున్నయగుచున్నచో అది తప్పు కాదు. గంటకు మూడు కిలోమీటర్ల వేగమున చక్రము ఒక చుట్టు తిరుగుటకు దాదాపు రెండు సెకనులముప్పాతిక పట్టును. అంతసేపు కబురు రాకపోగా బండి ఆగినదని పలక తలచును.

తరువాతది బ్యాటరీ. ఈ మీటర్లలో తఱచుగా వాడునది బిళ్ల బ్యాటరీ. సి.ఆర్. 2032 అని దానిపై చెక్కియుండును. ఆ అంకెలు దాని కొలతలే: అడ్డము 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు. క్రొత్తదాని ఒత్తిడి 3 వోల్టులు. ఇది నీరసించినపుడు ఒక్కసారి చావదు. సంకేతపు బలము తగ్గును. దగ్గఱనుండి వినబడును, దూరమునుండి వినబడదు. చలి వేళ తెగి, ఎండ వేళ బాగగుటయు బ్యాటరీ ముసలితనమునకు గుఱుతు. పలకలోని బ్యాటరీని మార్చి, ఫోర్కుపైనున్న సెన్సారులో మఱొక బ్యాటరీ కలదను సంగతిని మఱచిపోవుట అందఱును చేయు పొరపాటు.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. మీటరు చెడినచో పోయినది అంకె మాత్రమే. ఈ బిళ్ల పసిబిడ్డ నోటబడినచో ప్రాణమే పోవచ్చును. గొంతులో చిక్కుకొన్న బిళ్ల బ్యాటరీ రెండు గంటలలోనే లోపలి కండను కాల్చివేయగలదు. వాడి పాఱవేయు బిళ్లలోను ఆ శక్తి మిగిలియుండును. కావున పాత బిళ్లను అరుగుమీద పెట్టక, రెండు ప్రక్కల అతుకు కాగితము చుట్టి, పిల్లలకందని చోట ఉంచవలెను. బిడ్డ మ్రింగినదని అనుమానము కలిగినను, వాంతి చేయింపక, వెంటనే ఆసుపత్రికి కొనిపోయి, బ్యాటరీ మ్రింగినదని స్పష్టముగా చెప్పవలెను. తాతలు, అమ్మమ్మలు ఉన్న యింటనే పసివారును ఉందురు గనుక ఈ మాట చెప్పక తప్పదు.

మన తీరమునకు ప్రత్యేకమైన శత్రువు ఉప్పు. మధ్యాహ్నమునుండి సముద్రముమీదుగా వీచు గాలిలో ఉప్పునీటి తుంపర కంటికి కనబడక యుండును. అది లోహముపై వ్రాలి, గాలిలోని తేమను పీల్చి, ఎల్లప్పుడు తడిగా నుండును. బ్యాటరీ బిళ్ల తాకు స్ప్రింగులు, పలక అడుగున హ్యాండిలు పీటను తాకు చిన్న గుబ్బలు ఈ తడికి తుప్పుపట్టును. తెల్లని లేక పచ్చని పొడి పేరుకొనును. విద్యుత్తు ఆ పొడిని దాటలేదు. కుదుపులో ఒకమాఱు తాకును, ఒకమాఱు తాకదు. దారిలో అంకె వచ్చి పోవుటకు ఇది పెద్ద కారణము. సముద్రతీరమునకు పోయి వచ్చిన దినమున మంచినీటితో తడిపి పిండిన గుడ్డతో మీటరును, సెన్సారును తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, నీడన ఆఱబెట్టవలెను. బకెట్టు నీరు గ్రుమ్మరింపరాదు. ఎఱ్ఱటి ఎండలో పెట్టరాదు. నెలకొకమాఱు మూత విప్పి, పెన్సిలు గీతలు చెరుపు రబ్బరుతో స్ప్రింగులను, గుబ్బలను మెత్తగా రుద్ది శుభ్రము చేయవలెను. మూతలోని రబ్బరు వలయమున ఇసుక రేణువొకటి చిక్కుకొన్నను తేమ లోపలికి దూఱును. దానిని తుడిచి, సిలికోను గ్రీసు సన్నగా పూసి మూయవలెను.

ఇక దారిలోని తప్పులు. పాతరకపు మీటరు మాట 60, 70 సెంటీమీటర్లకే ఆగునని చెప్పితిని. మన పెద్ద సైకిలు పొడవైనది. దాని హబ్బునుండి హ్యాండిలునకు దాదాపు అంత దూరమే యుండును. చిన్న చక్రముల బండ్లను తలచి చేసిన మీటరును దీనికి అమర్చి, సెన్సారును హబ్బు దగ్గఱ కట్టినచో, మాట హ్యాండిలును చేరు వేళకు ప్రాణము పోయియుండును. అపుడు సెన్సారును ఫోర్కుపై పైకి జరిపి, అయస్కాంతమునుకూడ అంతే పైకి, చక్రపు అంచువైపు జరుపవలెను. దూరము నాలుగు వేళ్లు తగ్గినను బలము ఎంతో పెరుగును. సెన్సారు పలకవైపు సూటిగా చూచునట్లుండుటయు అవసరము. ఫోర్కు వెనుక దాగిన సెన్సారు గోడచాటున నిలిచి పిలుచువానివంటిది.

పాతరకమునకు మఱొక దౌర్బల్యము కలదు. దాని మాటకు పేరు లేదు. ఇరువురు స్నేహితులు అటువంటి మీటర్లే పెట్టుకొని ప్రక్కప్రక్కన త్రొక్కుచున్నచో, ఒకరి సెన్సారు పంపినది మఱొకరి పలక లెక్కవేసికొనవచ్చును. ప్రక్కవాని కష్టము మన ఖాతాలో జమయగును. అట్లే అతివేగపు వెఱ్ఱి అంకెలు హఠాత్తుగా కనబడినచో అది సంకేతపు లోపము కాదు, చుట్టుపట్లనున్న రొద. కొన్ని ఎల్.ఇ.డి. దీపములలో విద్యుత్తును వడివడిగా తెంచి కలుపు భాగముండును. అది ఇట్టి రొద పుట్టించును. దీపమును ఆర్పి చూడుడు. అంకె సరిపడినచో దీపమును మీటరునకు దూరముగా, హ్యాండిలు రెండవ కొసకు మార్చుడు. కృష్ణపట్నము ప్రక్కన నేలటూరులో 800 మెగావాట్ల యంత్రములు కల విద్యుత్కేంద్రము కలదు. ఆ ప్రాంతమున పెద్ద తీగెలు బాటలను దాటుచు పోవును. అట్టి తీగెల క్రింద మాత్రమే మీటరు తడబడి, దాటగానే కుదుటపడుచున్నచో దానిని విప్పి చూడనక్కఱలేదు. తప్పు చోటుదిగాని వస్తువుది కాదు.

క్రొత్తరకమునకు దూరముకంటె మన దేహమే పెద్ద అడ్డు. సెకనునకు 240 కోట్ల మాఱులు కంపించు తరంగమును నీరు పీల్చుకొనును. మనిషి శరీరములో సగముపైగా నీరే. సెన్సారు వెనుక చక్రమునకును, అంకెలు చూపు సెల్‌ఫోను చొక్కా ముందు జేబులోను ఉన్నచో నడుమ మన కడుపు, తొడలు అడ్డుపడును. ఇందులో ఒక వింతయు కలదు. ఇంటి వాకిట పరీక్షించినపుడు బాగుగా పనిచేసినది మైపాడు తీరమునకు పోగానే తెగిపోవును. గాలి మార్పు అని మనము తలతుము. నిజమేమనగా, ఇంటి యొద్ద తరంగము గోడలకు తగిలి మరలివచ్చి, దేహమును చుట్టి ఫోనును చేరుచుండెను. తీరమున గోడ లేదు, మిద్దె లేదు. తరంగము మరలివచ్చుటకు తావు లేదు. ఆరుబయట నిలిచి పిలిచిన కేక నాలుగు గోడల నడుమ పిలిచినట్లు మ్రోగదు గదా. దీనికి మందు సులభము: ఫోనును జేబులోనుండి తీసి హ్యాండిలుపై అమర్చుట, లేక సెన్సారును ముందు చక్రమునకు మార్చుట.

ఇక వినువాని తప్పులు. క్రొత్తరకపు సెన్సారును పలకకు మొదట పరిచయము చేయవలెను. దీనిని జత కలుపుటయందురు. కొన్ని సెన్సార్లు ఒకే సమయమున ఒక్కరితోనే మాటాడును. మనుమడు సెలవులకు వచ్చి ఆ సెన్సారును తన ఫోనునకు జత కలిపి, ఫోను సంచిలో పెట్టుకొని మన ప్రక్కనే బయలుదేఱినచో, సెన్సారు అతని ఫోనుతో మాటాడుచుండును. మన పలక మూగగా నుండును. అతని ఫోనులో బ్లూటూతు ఆపినచో మాట మనకు వచ్చును. సెన్సారు బ్యాటరీ ఆదాచేయుటకు నిద్రించుటయు కలదు. చక్రమును రెండు మూడు చుట్లు త్రిప్పినచో మేల్కొనును. అంతకుముందే జత కలుపబోయి, చెడిపోయినదని నిర్ణయింపరాదు.

వినువాడు విన్నను, లెక్క తప్పుగా వేయవచ్చును. పలకకు చక్రపు చుట్టుకొలత చెప్పవలసినవారము మనమే. 28 అంగుళముల చక్రమునకు 26 అంగుళముల కొలత ఇచ్చినచో దూరము తక్కువ చూపును. సంకేతములో లోపమేమియు ఉండదు. కొలత తెలిసికొనుటకు టైరుపై సుద్దముక్కతో గుఱుతు పెట్టి, మనిషి బండిపై కూర్చుండగా ఒక చుట్టు నడిపించి, నేలపై పడిన రెండు గుర్తుల నడిమి దూరమును టేపుతో కొలువవలెను. మనిషి బరువునకు టైరు కొంచెము అణగును గనుక ఎక్కి కొలుచుటయే సరియైన పద్ధతి.

ఇంత చిన్న వస్తువునకు ఇంత విచారణ ఎందులకని మీరు అడుగవచ్చును. ఈ విచారణ సైకిలుతో ముగియునది కాదు. తంతి లేకుండ దూరమునుండి మాట పంపుటయే ముఖ్యమైన మఱి రెండు పనులు ఈ తీరమున నిత్యము జరుగుచున్నవి.

మొదటిది శ్రీహరికోట. 1971లో రాకెట్టు ప్రయోగములు మొదలైన ఈ దీవి 2022 ఏప్రిలు వఱకు నెల్లూరు జిల్లాలోనిదే. ఇపుడు తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చటినుండి 2019 జూలై 22న చంద్రయాన్-2 బయలుదేఱినది. సెప్టెంబరు 7వ తేదీ తెల్లవాఱకమునుపే దాని ల్యాండరు చంద్రునిపై దిగుచు, నేలకు ఇంక 2.1 కిలోమీటర్ల ఎత్తుననుండగా సంకేతము తెగిపోయెను. దేశమంతయు అంకెల పలకవంక చూచుచు నిలిచిన రాత్రి యది. రేడియో చెడినదా? పరిశీలింపగా తేలినదేమనగా, దిగునపుడు వేగము తగ్గిన తీరు అనుకొన్నదానికి భిన్నముగా నుండుటచే ల్యాండరు దిగవలసిన చోటికి 500 మీటర్ల లోపల నేలకు గట్టిగా తాకినది. తెగినది మాట; చెడినది మాట కాదు. చంద్రుని చుట్టు తిరుగు ఆర్బిటరు మాత్రము మాటాడుచునే యుండెను గనుక దారియు, వినువాడును బాగున్నారని స్పష్టమయ్యెను. లోపమున్న చోటు తెలిసినందుననే దానిని సరిదిద్ది, 2023 జూలై 14న ఇదే దీవినుండి చంద్రయాన్-3ను పంపగా, ఆగస్టు 23న అది చంద్రునిపై చక్కగా దిగినది. మన వాకిట జరుపు పావుగంట పరీక్షకును, ఆ పరిశీలనకును పరిమాణములో భేదమేగాని పద్ధతిలో భేదము లేదు.

రెండవది మన మత్స్యకారుల పడవ. పడవలపై వాడు వి.హెచ్.ఎఫ్. రేడియో మాట ఇంచుమించు కనుచూపు మేర మాత్రమే పోవును. భూమి గుండ్రముగా నుండుటచే అంతకు మించి మాట సముద్రపు వంపు క్రింద దాగును. నీటిమట్టమునకు 2 మీటర్ల ఎత్తున కడ్డీలు గల రెండు పడవలు ఒకదానితో ఒకటి మాటాడగల దూరము సుమారు 12 కిలోమీటర్లు. కడ్డీలను 5 మీటర్లకు ఎత్తినచో అది 18 కిలోమీటర్లగును. అంతకు దూరమున మాట తెగినపుడు క్రొత్త బ్యాటరీ కొనుటవలన ఫలము లేదు, తెగినది దారిలో. కడ్డీ మొదట తీగె కలియు చోట ఉప్పు తిని తుప్పుపట్టినచో మాత్రము ఒడ్డు కనబడుచున్నను మాట రాదు. అది చెప్పువాని తప్పు. కనుచూపునకు దూరమైన పడవలకు ఉపగ్రహము ద్వారా ఇరువైపుల కబురు నడుపు ట్రాన్స్‌పాండర్లను మన అంతరిక్ష సంస్థ రూపొందించెను. తీర రాష్ట్రములలో, కేంద్రపాలిత ప్రాంతములలో లక్ష పడవలకు వీనిని అమర్చు పథకమును ప్రధానమంత్రి 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించిరి. ఆ పెట్టెకు తెఱపియైన ఆకాశము కనబడవలెను. దానిపై వల కుప్పవేసి కప్పినచో, సైకిలుమీద ఫోనును జేబులో దాచినవాని గతియే పట్టును.

1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన పెనుతుపానును చూచినవారు ఈ మాటలు వినుచున్నవారిలో ఎందఱో యుందురు. అట్టివారికి నేను చెప్పనక్కఱలేదు: రేడియో మూగయైనంత మాత్రమున సముద్రము శాంతముగా నున్నదని అర్థము కాదు. 'కబురేమియు రాలేదు' అనుట వేఱు. 'భయమేమియు లేదు' అను కబురు వచ్చుట వేఱు. సైకిలుపై ఈ భేదమును మఱచినచో నష్టము నాలుగు కిలోమీటర్ల లెక్క. పడవపై మఱచినచో నష్టము మనిషి. కావున పడవ బయలుదేఱకమునుపే ఒడ్డుననున్నవారిని పిలిచి, వారి మాట మనకును, మన మాట వారికిని చేరుచున్నదని రూఢి చేసికొనవలెను. పిల్లలు దీనిని ఆటగా నేర్చుకొనుటకు వాకిటనున్న సైకిలు మీటరు మంచి సాధనము.

కావున ఈ మాఱు అంకె మాయమైనపుడు మీటరును తట్టకుడు, తిట్టకుడు. మనుమని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సైకిలును తలక్రిందులుగా నిలిపి, చెప్పువాడెవడు, దారియేది, వినువాడెవడు అని అతనినే అడుగుడు. ఒకదాని తరువాత ఒకటి మార్చి చూచుచు, ఏది చేసినపుడు ఏమైనదో గోడమీది క్యాలెండరు వెనుకనైనను వ్రాసి పెట్టుడు. తేదీతో వ్రాసిన రెండు పంక్తులు మరుసటి ఏడు ఉప్పుగాలి వీచు నాటికి మీకు మంచి వైద్యుని చీటీవలె పనికివచ్చును.